జేబెజ్ నోరు

జేబెజ్ ఆక్రాయిడ్ పరుగెడుతూ మాట్లాడతాడు. పది మైళ్ళ పందెంలో మిగతావాళ్ళు ఊపిరి దాచుకుంటుంటే, ఇతను మైలుకో పురాణం విప్పుతాడు. "ఎడమ పక్క గుంట! ముందు కంచె! అబ్బ, ఈ బురదది అచ్చం మా అత్త బుద్ధి, పట్టుకుంటే వదలదు!"

ఆ యార్క్‌షైర్ బొగ్గుగని ఊళ్ళో పరుగుల జట్టుకు గురువు ఈలై సగ్డెన్. తొమ్మిదేళ్ళుగా సైకిల్ మీద వెంటపడి తిడుతూనే ఉన్నాడు.

"ఒరేయ్, ఆ ఊపిరేదో కాళ్ళకి పెట్టరా!"

"కాళ్ళకెందుకు బాబాయ్, వాటికి ముక్కుందా?"

అంత తేలికైన అడుగు ఈలై తన జన్మలో చూడలేదు. అయినా తొమ్మిదేళ్ళలో ఒక్క గెలుపూ లేదు. 1909 ఫిబ్రవరికి జేబెజ్‌కు ముప్ఫై నాలుగు నిండాయి. ఆ నెలలో ఒక శనివారం జరిగే ఉత్తర జిల్లాల పందెంలో మొదటి ఆరుగురిలో వస్తే ఇంగ్లండు జట్టు చొక్కా. లేదంటే ఇక ఎప్పటికీ లేదు.

పందేనికి ముందు ఈలై తన కోటు బొత్తాం తెంపి అతని నోట్లో పెట్టాడు. "ఇది నా పెళ్ళి కోటుది. మింగావంటే మీ పిన్ని నీ పొట్ట కోస్తుంది."

జేబెజ్ మూగవాడై పరుగెత్తాడు. ఎనిమిదో మైలుకి అందరికన్నా ముందున్నాడు. ఈలై కళ్ళు చెమర్చాయి. అంతలో చాలా వెనక, వాళ్ళ జట్టువాడే విల్ఫ్ హోయిల్ కంచె తగిలి కాలువలో పడి కేక పెట్టాడు. ఆ కేక విని జేబెజ్ ఆగాడు. బొత్తాం ఉమ్మేశాడు.

"ఇటు రారా విల్ఫ్! కుడికి! రెండడుగుల్లో రాయి!"

మాట్లాడుతూనే వెనక్కి వెళ్ళి, మాట్లాడుతూనే అతన్ని చివరి గీత దాటించాడు. నలభై ఒకటో స్థానం.

"ఎందుకురా?" బీరు దుకాణం వెనక గదిలో ఈలై అడిగాడు. జేబెజ్ కాళ్ళ బురద గీక్కుంటున్నాడు. పక్కనే విల్ఫ్ టీ కప్పు కోసం చెయ్యి చాచి, జానెడు ఇవతల గాలిని పట్టుకున్నాడు. అతని కనుగుడ్లు ఆగకుండా వణుకుతున్నాయి.

ఆ మైలుకో పురాణం ఎవరి కోసమో ఈలైకి అర్థమైంది. గనిలో గుడ్డి దీపాల కింద బొగ్గు తవ్వేవాళ్ళకు వచ్చే కళ్ళ జబ్బు. మేస్త్రీకి తెలిస్తే సోమవారం నుంచి విల్ఫ్‌కు పని లేదు. ఇంట్లో నలుగురు పిల్లలు. పరుగు మానేస్తే ఎందుకు మానావని ఊరంతా అడుగుతుంది.

ఈలై ఆ కప్పు తీసి విల్ఫ్ చేతిలో పెట్టాడు.

చొక్కా ఇంకెవరికో వెళ్ళింది. జేబెజ్ దాని ఊసే ఎత్తలేదు. ఈలైకి మాత్రం వారం రోజులు అన్నం సయించలేదు.

మరుసటి శనివారం సాధనకి ఈలై సైకిల్ మీద అందరికన్నా ముందు బయలుదేరాడు, గొంతు చించుకుంటూ. "గుంటరా! ఎడమకి రండి! కంచె దాటాక ఆవు, భయం లేదు!"

"అది ఆవు కాదు బాబాయ్, ఆబోతు!"

ఆ రోజు ఈలై, జేబెజ్, విల్ఫ్ ముగ్గురూ పరుగెత్తిన వేగాన్ని జట్టులో మళ్ళీ ఎవరూ అందుకోలేదు. సైకిల్ మాత్రం మంగళవారం దాకా ఆ పొలంలోనే ఉంది.