తిట్టని అమ్మ

కండక్టరమ్మ గొంతు ఆ రూట్లో అందరికీ తెలుసు. "ముందుకు జరగండి!" అని ఆమె కేకేస్తే సీట్లో కూర్చున్నవాళ్లు కూడా ఉలిక్కిపడి సర్దుకునేవారు. "అక్కా, నువ్వుండగా ఈ బండికి హారన్ దండగ" అని డ్రైవర్ ఆటపట్టించేవాడు. మొగుడు ఎటో పోయాక ఏడేళ్ల కూతుర్ని ఆ గొంతుతోనే పెంచుకొస్తోంది.

ఒక సాయంత్రం ఆమె డ్యూటీలో ఉండగా, తాళం వేసిన ఇంట్లో పాప పాలు కాచుకోబోయి చెయ్యి కాల్చుకుంది. పక్కింటివాళ్లు తలుపు పగలగొట్టి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడికొచ్చిన పిల్లల సంక్షేమ అధికారిణి, అమ్మ నిన్ను ఏమంటుందమ్మా అని అడిగింది.

"చంపేస్తానంటుంది" అంది పాప, ఉన్నమాటే. అంతే, పాపను బాలల హోమ్‌లో పెట్టారు.

"తల్లి తనను చంపెదనని పలుమార్లు బెదిరించినట్లు బాలిక తెలిపినది" అని కోర్టులో చదివారు. ఇంట్లో పొద్దున లేస్తే పదిసార్లు దొర్లే మాట, కోర్టు తెలుగులో పడేసరికి హత్యాయత్నమై కూర్చుంది.

"ఆ మాట అన్నారా?" అని జడ్జిగారు అడిగారు.

"అన్నానండి. రోజూ అంటానండి."

ఆమె తరఫు వకీలు తల పట్టుకున్నాడు.

"అన్నం వదిలేస్తే అంటాను, రోడ్డుకడ్డంగా పరిగెడితే అంటాను. మా అమ్మా నన్ను అలాగే అనేదండి. బతికే ఉన్నాను కదండీ!"

ఎవరో కిసుక్కున నవ్వారు. టైపు చేసే ఆయన మాత్రం "రోజూ అంటాను" వరకే కొట్టి ఆగిపోయాడు. తాళం వేయడం తప్పేనని ఆమె ఏడుస్తూ ఒప్పుకుంది. ఇకపై పాపను చెల్లెలింట్లో దింపి డ్యూటీకి వెళ్తానంది. అది తేలింది గానీ, ఆ పాడు మాట తేలలేదు. తల్లీబిడ్డలు కలిసినప్పుడు ఎలా ఉంటారో చూశాకే పాపను ఇచ్చేదీ లేనిదీ చెబుతామన్నారు.

"అధికారిణి అక్కడే కూర్చుని రాసుకుంటుంది. గొంతు పెంచారో, బిడ్డ మీకు దక్కదు" అన్నాడు వకీలు. ఆమె మెల్లగా మాట్లాడటం నేర్చుకుంది. ఒంట్లో బాగాలేదా అని బస్సులో జనం అడిగారు.

హోమ్‌లో ఆ గది నిండా బొమ్మలే. పాప చేతి మీద మచ్చ చూడగానే కండక్టరమ్మ గుండె చెరువైంది. 'మహాతల్లీ, అంత తొందరేమొచ్చింది, వీపు విమానం మోత మోగిస్తా' అని నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

"బాగున్నావా అమ్మా? బాగా చదువుకుంటున్నావా?"

పాప ఆమెను ఎగాదిగా చూసింది. కుర్చీ ఎక్కింది. తల్లి నవ్వింది. పాప బల్లెక్కి, అంచున ఒంటికాలి మీద నిలబడి తల్లి ముఖంలోకే చూసింది.

"జాగ్రత్త బంగారం, దిగమ్మా" అంది తల్లి.

పాప దిగింది. వెళ్లి అధికారిణి వెనక నిలబడింది.

"ఇంక లోపలికెళ్తా ఆంటీ. అమ్మకి నేనక్కర్లేదు."

తల్లి వద్ద ఉండుటకు బాలిక సుముఖత చూపలేదని అధికారిణి రాసుకుంది. కండక్టరమ్మ లేచి నిలబడింది. అరిస్తే పాప ఆగుతుంది. అరిస్తే కేసు పోతుంది. ఏం చెయ్యాలో తేల్చుకునేలోపే ఆయా వచ్చి పాపను లోపలికి తీసుకెళ్లిపోయింది.