పలక మీద వేయని తారీకు

గౌరవనీయులైన సంబంధిత అధికారులకు, తమరెవరో, ఏ కార్యాలయంలో ఆసీనులై ఉన్నారో ఇంతవరకూ తెలియకపోయినా, తార్నాక వాస్తవ్యురాలు సవినయంగా విన్నవించునది:

ఈ సాయంత్రం మెట్రో స్టేషను కింద ఒకామె రాతిపలకలు తడిగుడ్డతో తుడిచి అమ్మకానికి పేరుస్తోంది. ఆ తడి పలక వాసన, అయ్యలారా, తమకూ గుర్తుండే ఉంటుంది. పంతొమ్మిది వందల అరవైల చివర్లో యూనివర్సిటీ క్వార్టర్సులో మా గుమ్మం పక్కన అలాంటి పలకే వేలాడేది. కెమిస్ట్రీ లెక్చరరైన మా బాపు ఇంటికొక నిబంధన విధించారు: బయటికి వెళ్లేవారు ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పుడు వచ్చేదీ దానిమీద రాయాలి. ల్యాబులో ప్రతి సీసాకూ తారీకు వేసే ఆయన, పలక మీద మాత్రం వేసేవారు కాదు.

ఆ రోజు "ల్యాబుకు. ఆరింటికి వస్తా" అని రాశారు.

"తారీకెయ్యలే బాపూ!" అన్నాను.

"ఇయ్యాల్నే గదనే బిడ్డా! పెద్ద ఇన్‌స్పెక్టరమ్మవైనవ్," అని నవ్వి సైకిలెక్కారు.

ఐదున్నరకు తోటి లెక్చరర్లు వచ్చి, ల్యాబులోనే ఆయన గుండె ఆగిపోయిందని అమ్మకు చెప్పారు. నేను గోడ గడియారం చూపించి, "ఇంకా ఆరు గాలే గదా?" అన్నాను.

ఆ పలకను అమ్మ ఎవరినీ తుడవనివ్వలేదు. ఇప్పటికీ ఐదున్నర దాటితే నాకు కాలు నిలవదు. గేటు చప్పుడైతే లేచి చూస్తాను.

కావున నా డిమాండు:

1. తారీకు వేయనందున గడువు ముగిసినట్లు పరిగణించరాదు. ఏ రోజైనా సరే, ఆయనను ఆరింటికి ఇంటికి పంపవలెను. పలక ఇంకా తుడవలేదు.