గురువారం గాలి

కొక్‌సాయ్ ఊళ్ళో గురువారం వచ్చిందంటే ఏ ఇంట్లో పోయినవాళ్ళను తలుచుకుంటున్నారో ముక్కే చెప్పేస్తుంది. మూకుట్లో బోర్సోక్ పిండిముక్కలు నూనెలో పొంగుతుంటే ఆ కమ్మటి వాసన పోయినవాళ్ళకు చేరుతుందని, దాంతో వాళ్ళ కడుపు నిండుతుందని అక్కడి కిర్గిజుల నమ్మకం. ఆడవాళ్ళు మధ్యాహ్నమే ఆ పని కానిచ్చేస్తారు. ఒక్క ఒమూరాలి ఇంట్లో మాత్రం పొద్దు గూకేదాకా మూకుడు పొయ్యెక్కేది కాదు. అందుకు కారణం భక్తి కాదు, గాలి.

ఒమూరాలి జీవితమంతా కొండ కింది వాతావరణ కేంద్రంలో గడిచింది. ఎండ, మంచు, గాలి ఏ వేళకు ఎంత ఉంటే అంత రాసి రేడియోలో జిల్లాకు చెప్పడమే ఆయన ఉద్యోగం. రేపు వాన పడుతుందా అని ఎవరైనా అడిగితే తెలీదనేవాడు. సోవియట్ రోజుల్లో పార్టీ మనిషి ఊరందర్నీ కూర్చోబెట్టి దేవుడు లేడనేవాళ్ళు చెయ్యెత్తండి అన్నప్పుడు ఆయన ఎత్తలేదు. ఉన్నాడనేవాళ్ళు ఎత్తండి అన్నప్పుడూ ఎత్తలేదు. నిద్రపోతున్నావా అని గద్దిస్తే, "లేదండీ, నాకు తెలీదు" అన్నాడు. గోడమీద పిల్లి అన్నారు. చివరికి 'తెలీదు ఒమూరాలి' అన్న పేరే ఖాయమైపోయింది.

ఆయన కూతురు నసీపకు ఆ రోజుల్లో బాగా గుర్తున్నది వంటిల్లే. తల్లి బురుల్ తలుపులు బిగించి, మధ్యాహ్నం పూట భయంభయంగా బోర్సోక్ వేయించేది. ఒమూరాలి గడపలో నిలబడి ఏడిపించేవాడు.

"నీ వాసన మీ అమ్మకి పోవట్లేదే. పగటి గాలి ఏటి కిందనుంచి పైకి వీస్తుంది. పైన గొర్రెలు తింటున్నాయి నీ నైవేద్యం."

"చచ్చినోళ్ళకి గాలితో పనేంటి?"

"అదీ నాకు తెలీదు. ఒకవేళ ఉందనుకో, శ్మశానం కిందుంది కదా. సాయంత్రం కొండగాలి దిగాక వేయించు."

బురుల్ మూతి తిప్పేది. కానీ జబ్బు చేసి మంచాన పడ్డాక, ఒక సాయంత్రం మొగుడి చెయ్యి పట్టుకుని, "నాకు మాత్రం గాలి చూసి వేయించు" అంది. నసీప అక్కడే ఉంది. తండ్రి కళ్ళల్లో నీళ్ళు చూడటం ఆమెకు అదే మొదలు.

ఆమె పోయినప్పట్నించి ఒక్క గురువారమూ తప్పలేదు. కేంద్రం మూతపడ్డాక గాలి ఎటు వీస్తుందో చూపే అక్కడి పాత గాలిమరను ఆయన తెచ్చి గొర్రెల దొడ్డి కప్పుకి బిగించాడు. పిండి తనే కలిపేవాడు. ఏటి దిగువన శ్మశానం కనిపించే కిటికీ తెరిచి, మర తోక అటు తిరిగేదాకా ముక్కాలిపీట మీద కూర్చునేవాడు.

అంతలో పక్కింటి తిలెక్ పరాయి దేశంలో మతం చదువుకుని మోల్దోగా, అంటే ముల్లాగా, తిరిగొచ్చాడు. పాత మోల్దోలు బోర్సోక్ ముందు కూర్చుని ఖురాన్ చదివేవాళ్ళు. తిలెక్ చదవనన్నాడు. ఊళ్ళో సగం ఇళ్ళు గురువారం మానేశాయి. ఒకరోజు ఒమూరాలి దగ్గరికీ వచ్చాడు.

"పెద్దనాన్నా, చచ్చినోళ్ళు వాసన పీల్చరు. ఇది మతంలో లేదు. అసలు నువ్వు నమ్మనే నమ్మవు, నీకెందుకీ గోల?"

"టీ తాగు ముందు. ఇదే ముక్క అప్పట్లో పార్టీ ఆయనా చెప్పాడురా. ఇద్దరూ అక్కడికెళ్ళి చూసొచ్చినట్టే చెబుతారు. నేను చూళ్ళేదు. చేరదని ఖాయంగా తెలిస్తే ఈ పూటే మూకుడు దించేస్తా. తెలీనప్పుడు మీ పెద్దమ్మని పస్తుంచమంటావా?"

తిలెక్ తెలివైనవాడు, ఊరుకోలేదు. "ఆ లెక్కన నమాజుకీ రావచ్చుగా."

"వద్దామనే ఉంటుంది. కానీ అక్కడ నమ్ముతున్నానని నోటితో అనాలి. నూనెకి ఏమీ చెప్పక్కర్లేదు."

తిలెక్ టీ పూర్తిగా తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గోడ అవతల్నుంచి సలాం చెప్పేవాడు గానీ గురువారం మాత్రం గడప తొక్కలేదు. ఒమూరాలి ఒక పళ్ళెం గోడమీంచి అందించేవాడు. తిలెక్ తల్లి తీసుకునేది.

ముసలాయనకు ఆయాసం పెరిగిన చలికాలంలో, పిండి కలుపుతూ నసీప ఉండబట్టలేక అడిగేసింది.

"రేపొకనాడు నీకూ వేయించనా నాన్నా?"

ఆయన గాలిమర వంక చూశాడు. "నాకేం తెలుసమ్మా. వేరే పెట్టకు. అమ్మకి వేసేదాంట్లోనే ఓ నాలుగు ఎక్కువ వెయ్యి. పక్కనే ఉంటానుగా."

మంచు కరగకముందే ఆయన పోయాడు. పాతిపెట్టే ముందు చేసే జనాజా నమాజు తిలెక్కే చదివించాడు. పోయినాయన ఎలాంటి మనిషి అని ఆనవాయితీ ప్రకారం అడిగితే, మంచి మనిషి అని ఊరంతా ఒక్క గొంతుతో చెప్పింది. అక్కడ ఎవరూ తెలీదనలేదు.

ఆ తర్వాత వచ్చిన మొదటి గురువారం మధ్యాహ్నం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి పొయ్యి రాజేశారు. నూనె కాగింది. నసీప బయటికి వెళ్ళి దొడ్డి కప్పు వైపు చూసింది. గాలి ఇంకా కిందనుంచే వీస్తోంది. లోపలికొచ్చి మూకుడు దించేసింది.

"కాగిన నూనె దించుతావేంటే? ఆయన చాదస్తం నీకూ పట్టిందా?" అంది తిలెక్ తల్లి.

"మీరు టీ తాగుతూ ఉండండి పిన్నీ. అమ్మా నాన్నా ఇద్దరూ కిందనే ఉన్నారు, గాలి ఇంకా అటు మళ్ళలేదు."

టీలు అయిపోయాయి, మాటలూ అయిపోయాయి. కొందరు పాలు పితకాలంటూ వెళ్ళిపోయారు. తండ్రి ముక్కాలిపీట మీద కూర్చున్న నసీపకు ఆయన లేని లోటు అప్పుడు తెలిసింది. ఎవరి మాటా వినకుండా ఇలా ఒక్కడే ఎన్ని సాయంత్రాలు కూర్చున్నాడో కదా అనుకుంది. కళ్ళు మసకబారి మర తోక ఎటుందో కనిపించలేదు.

పొద్దు గూకుతుండగా గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. తిలెక్ వచ్చాడు. లోపలికి రాలేదు. దొడ్డి వైపు చూసి, గొంతు సవరించుకుని అన్నాడు.

"అక్కా, గాలి మళ్ళింది. పెట్టుకో."

నసీప మూకుడు పొయ్యెక్కించి కిటికీ తెరిచింది. వెనక అతను గడప మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పెదవులు కదిలాయి. ఏమన్నాడో నూనె చిటపటల్లో వినిపించలేదు. ఆమె అమ్మ వంతు పిండి వేసింది. తర్వాత ఇంకో నాలుగు వేసింది.