బొట్టుతో ఒక ఫొటో

కంకిపాడు చేపల బజారు వెనుక సందులోకి చేపలకని వెళ్తే, ముందుగా పొలుసు గీకుతున్న కత్తి చప్పుడు వినిపించింది. కాసేపటికి అది ఆగి, నాంచారమ్మ గారు తడిచేతులతో గుమ్మంలోకి వచ్చారు. ఆమె నుదురు కోత అయిపోయిన మడిలా ఖాళీగా ఉంది. గోడ మీది ఫొటోలో మాత్రం రూపాయంత బొట్టు, పట్టుచీర, తల్లో కనకాంబరాలు.

"ఎంత ధీమాగా కూర్చున్నారండీ!" అన్నాను.

"ధీమా కాదండీ, కంగారు. అప్పటికి మా ఆయన బెజవాడ ఆసుపత్రిలో ఉన్నాడు. 'నేను పోయాక తీయించుకుంటే బోసి మొహమే పడుద్ది. ఇప్పుడే బొట్టెట్టుకుని తీయించుకురా, చూసి నవ్వుకుంటా' అన్నాడు. ఆసుపత్రి ఎదురుగా ఉన్న స్టూడియోకి పరిగెత్తి, వాళ్లిచ్చిన పట్టుచీర, పూలే పెట్టుకుని కూర్చున్నానండీ. ఫోను మోగితే చూపు చెదురుద్దని స్టూడియో ఆయన దాన్ని సైలెంట్‌లో పెట్టించాడు."

ఆమె కెమెరా ముందు కూర్చున్న ఆ కాసేపట్లోనే ఆయన పోయారు. కొడుకు చేసిన ఫోన్లు సంచిలో చప్పుడు లేకుండా వెలిగి ఆరిపోయాయి.

మళ్లీ ఫొటో వైపు చూశాను. ఆ కళ్లు లేచి వెళ్లడానికి తొందరపడుతున్నాయి.

"దించెయ్యమంటాడండీ మావాడు," అన్నారామె. "ఫొటోలో ఆవిడకి ఇంకా తెలీదు. నేనెట్టా చెప్పేదండీ?"