సంఘం ముందు ఇచ్చిన మాట

పిచ్చయ్యను సమాధి చేసిన మూడో రోజు, చర్చిలో జరిగిన ఆదరణ కూటంలో ఆయన భార్య లిదియమ్మ లేచి నిలబడింది. "మా ఆయన ఎవరికన్నా బాకీ ఉంటే చెప్పండి. నేను తీరుస్తాను" అని సంఘం ముందు మాట ఇచ్చింది. మా ఉదయగిరి పల్లెల్లో అలా అడగడం మామూలే. చేబదుళ్లు ఇచ్చినవాళ్లు వదిలేశామన్నారు. ఫైనాన్సు కంపెనీ వదల్లేదు.

పిచ్చయ్య బోరు కోసం రెండు లక్షలు తీసుకున్నాడు. ఆరువందల అడుగుల దాకా దుమ్మే లేచింది. అయిదు కంతులు కట్టి గుండెనొప్పితో పోయాడు. వారం తిరక్కుండా కంపెనీ మనిషి కాగితం తెచ్చి, "లోను నీ పేరుకు మార్చుకో అక్కా, పోయినాయన పరువు నిలబడతాది" అన్నాడు. ఆమె సంతకం పెట్టింది.

నెలకు ఆరువేల అయిదొందలు. ఉన్న రెండు బర్రెలూ పోయాయి. లిదియమ్మ మిరపకోతలకు వలస పోయింది. అదీ చాలక కూతురు రజిత నెల్లూరులో నర్సింగు చదువు మధ్యలో మానేసి, చెన్నైలో బట్టల కంపెనీలో చేరింది. ఒక్క ఏడాదే అనుకున్నారు. రెండేళ్లయింది.

రెండు కంతులు ఆగేసరికి వసూలు మనుషులు వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పక్కింట్లో ఉండి చూడలేక, ఆమెను బండిమీద ఆత్మకూరు తీసుకుపోయాను. అక్కడ ఉషారాణి అనే లాయరు వినియోగదారుల కేసులు చూస్తుంది. కాగితాలు తిరగేసి ఒకచోట వేలు ఆపింది.

"లోను ఇచ్చిన రోజే ఇన్సూరెన్సుకని నాలుగు వేలు పట్టుకున్నారు. మనిషి పోతే మిగతా బాకీ దాంట్లోనించే పోవాల. నీకెవరూ చెప్పలా?"

"లేదమ్మా."

"మరి నీ పేరుకెందుకు రాయించుకున్నావు?"

"సంఘం ముందు మాట ఇచ్చినాను గదమ్మా."

"ఇస్తే? కంపెనీవాడేమన్నా మీ సంఘంలో ఉండాడా ఏంది?" అని కసిరింది. తర్వాత తనే మంచినీళ్లు అందించింది.

ఆమె పంపిన నోటీసుతో వాకిట్లో కుర్చీలు లేచిపోయాయి. నెల్లూరు వినియోగదారుల కమిషన్లో కేసు పది నెలలు నడిచింది. ఉషారాణి ఫీజు అడగలేదు. కంపెనీ తరఫు లాయరు మాత్రం, ఇష్టపడే సంతకం పెట్టిందని ప్రతి వాయిదాకూ అదే పాట. చివరికి కమిషన్‌వాళ్లు మిగిలిన బాకీ రద్దు చేశారు. కట్టేసిన లక్షన్నరలో రూపాయి రాదన్నారు. ఆ సంతకమే అడ్డం పడింది.

"అప్పీలు వేద్దాం. అది కూడా రావచ్చు" అంది ఉషారాణి.

"అయితే ఆయన పోయిన రోజే బాకీ తీరిపోయిందా అమ్మా?"

"తీరిపోయినట్టే."



బయటికి రాగానే రజిత ఫోను. వెనక కుట్టుమిషన్ల హోరు.

"ఏమైందిమా?"

"ఇంక కట్టే పని లేదంట."

"అబ్బ! నా సీటు పోతే పోయింది, నాయన పేరు నిలబెట్టినాం."

ఆ డబ్బు అసలు కట్టక్కర్లేదని చెప్పబోయాను. లిదియమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అవును పాపా, నువ్వే నిలబెట్టినావు" అంది.

అప్పీలు వెయ్యమని ఆమెతో పోట్లాడాను. ఆ లక్షన్నర వస్తే రజితను ఇంకో కాలేజీలో చేర్చవచ్చు గదా అన్నాను.

"డబ్బు వస్తే ఎక్కడిదని అడగదా? ఇన్నేళ్లు ఊరికే పోయినాయని, అది నా సంతకం వల్లేనని తెలిస్తే, మళ్లీ నన్ను అమ్మా అంటుందా నాయనా?"



అప్పీలుకు గడువు నలభై అయిదు రోజులు. నలభై ఆరో రోజు పొద్దున్నే ఆమె అనంతసాగరం వైపు వరినాట్లకు పోయింది. కూతురి ఫీజుకు మొదటినుంచీ కూడబెట్టాలి కదా.