తొలి గడప

బందరులో మా పాప బోర్లా పడితే బొబ్బట్లు పంచాం. గుడివాడ అద్దింటికి మారాక, గడప దాటితే గారెలు పంచాలని మినప్పప్పు తెచ్చి ఉంచాను. పాప మాత్రం గడప దాకా పాకి వెనక్కి తిరిగేది. ఇంతలో మా ఆయనకు కోడూరు బదిలీ అయింది.

దసరా మంచిరోజని ఆవేళే సామాను వ్యాన్ ఎక్కించాం. పప్పు డబ్బా కూడా మూటలోకి వెళ్లిపోయాక, పాప పాకుతూ గడప దాటేసింది.

"ఇప్పుడా దాటేది!" అని విసుక్కున్నాను.

పక్క వాటాలో ఉంటూ, మోటారు నీళ్ల కోసం రోజూ నాతో పోట్లాడే ఇంటి ఓనరావిడ లోపలికి వెళ్లి, పండక్కి వండుకున్న గారెలు పళ్లెంలో తెచ్చి వీధిలో అందరికీ పంచింది.

"మీకెందుకండీ శ్రమ?" అన్నాను.

ఆవిడ కసిరింది. "నువ్వూరుకోమ్మా. ఇకమీద ఎన్ని ఇళ్లయినా మారండి. పిల్ల తొలి గడప నాదే."