జేబులో ఫ్యూజులు

ల్యాబ్ మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో ఉన్నాను. నేను చేసిన కంట్రోల్ బాక్సు తెరిచి ఉంది. నా కుడిచెయ్యి దాని లోపల ఉంది. ముందు చొక్కా జేబు తడుముకున్నాను. మూడు పింగాణీ ఫ్యూజులూ అక్కడే ఉన్నాయి. ఆ తర్వాతే "ఎప్పుడు?" అని అడిగాను.

పని మొదలుపెట్టే ముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవడం ఆమె నేర్పిందే. కోదాడలో నేను చదివిన కాలేజీలో ఆమె ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసేవారు. "గోడ మీద పెట్టకు. ఎవడో ఒకడు మంచికే అనుకొని తగిలిస్తడు," అనేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

చదువు అయ్యాక అనంతగిరి దగ్గర మా ఊళ్లో ఇంటికి ఒక బాక్సు చేశాను. బటన్ నొక్కితే లోపలి చిన్న చిప్పు రెండు రిలేలను, అంటే కరెంటు కలిపే స్విచ్చులను, నడుపుతుంది. ఒకటి నీళ్ల మోటరుకు, ఇంకొకటి గడ్డి కోసే మిషన్‌కు. ఒక పొద్దున వదిన మిషన్ ఆపి, మూతిలో ఇరుక్కున్న జొన్నచొప్ప లాగుతోంది. అవతల అన్న నీళ్ల మోటరు ఆపాడు. గడ్డి మిషన్ దానంతట అదే తిరిగింది. కొంగు జారితే సర్దుకోవడానికి వదిన అప్పుడే చెయ్యి బయటికి తీసింది. చెయ్యి దక్కింది. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం కలుపుతుంటే నేను అటు చూడలేకపోయాను.

బాక్సు ఊడదీసి మేడం ముందు పెట్టాను. లోపల తీగలన్నీ ఒకే కట్టగా, అందంగా కట్టి ఉన్నాయి.

"పెళ్లికూతురి జడ లెక్క అల్లినవ్ గదయ్యా. గీ అందమే మీ వదిన చెయ్యి తీసేది."

రిలే ఆగేటప్పుడు దాని కాయిల్, అంటే లోపలి తీగచుట్ట, కరెంటుతో ఒక్క తన్ను తన్నుతుంది. కాయిల్‌కు అడ్డంగా డయోడ్ అనే చిన్న భాగం ఉంటే అది అక్కడే అణిగిపోతుంది. నేను పెట్టలేదు. ఆ తన్ను పక్కనే కట్టిన బటన్ తీగలోకి దూకింది. ఎవరో బటన్ నొక్కారనుకుంది చిప్పు.

"రిలే తీగ ఓ దారి, బటన్ తీగ ఓ దారి పోవాలె. బటన్ నొక్కిండ్రంటే ఒక్కసారికే నమ్మొద్దని చిప్పుకు గూడ చెప్పు," అన్నారు. తర్వాత, "గిసోంటివి ఇంకెన్ని పెట్టినవ్?"

నేను బాక్సు మూత పెట్టబోయాను.

"నిన్నే."

"ఒకటి, మేడం. మఠంపల్లి దగ్గర ఒక రైతు ఇంట్లో."

"ఫోన్ చెయ్యి."

ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఆమె హ్యాండ్‌బ్యాగు తీసుకుని నా బండెక్కారు. సిమెంటు లారీల మధ్య నుంచి బండి పోనిచ్చాను. నా కళ్ల ముందు ఒక చెయ్యే ఉంది, ఎవరిదో తెలియని చెయ్యి.

మిషన్ చప్పుడులో ఆ ఇంటాయనకు ఫోన్ వినపడలేదు, అంతే. మేడం నేరుగా వెళ్లి మెయిన్ దించి, ఫ్యూజులు పీకి బ్యాగులో వేసుకున్నారు.

"ఏందమ్మా గిది? నా బర్లకు గడ్డెవరు కోస్తరు?"

"కొడవలి లేదా ఇంట్ల? రెండు రోజులు చేత్తో కొయ్యి. చెయ్యి ఉన్నది గద."

తిరిగొస్తుంటే బండి అద్దంలో ఆమె బ్యాగు తెరిచి ఫ్యూజులు మళ్లీ లెక్కపెట్టడం కనిపించింది. "నాకు గూడ భయమేనయ్యా. నీకు భయం పోయిందనుకో, ఈ పని బంద్ చెయ్యి," అన్నారు.

చావు కబురు విని మిర్యాలగూడ నుంచి సూర్యాపేటలో మేడం ఇంటికి చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. అప్పుడే మిల్లు నుంచి ఫోన్.

"అన్నా, ఫ్యూజులేవి? గోడ మీద సూస్తే లేవు."

"నా జేబుల ఉన్నయ్. నేనొచ్చేదాక ఎవ్వరు ముట్టొద్దు."

మిల్లులోని ఆ బాక్సును ఇంకా నడిపి చూడలేదు. అందులో తప్పుంటే పట్టుకుని తిట్టే మనిషి ఇక లేదు. కాళ్లు మొక్కడానికి వంగితే జేబులో ఫ్యూజులు ఒకదానికొకటి తగిలి చప్పుడైంది. వాటిని అరచేత్తో అదిమిపట్టి లేచాను.